గొంతు పట్టని నూనె

వసీలా గోర్బెల్ చేతులు చూసి ఆమె చదువుకున్నవాళ్ల మధ్య పని చేస్తుందని ఎవరూ అనుకోరు. గోళ్ల కింద ఎప్పుడూ నల్లగానే ఉంటుంది. నిమ్మచెక్కతో రుద్దినా పోదు, సబ్బుతో రుద్దినా పోదు. మా వీధి ఆడవాళ్లు ఆమె కాలేజీలో పొయ్యిలు రాజేస్తుందని చాలాకాలం నమ్మారు. ఆమె కూడా ఎవరినీ సరిదిద్దలేదు. అడిగినవాళ్లతో "బొగ్గు పనే కదమ్మా" అని నవ్వి ఊరుకునేది.

నిజంగానే అది బొగ్గు పని. స్ఫాక్స్‌లో ఒక కాలేజీ రసాయనశాలలో ఆమె సహాయకురాలు. మైదాకన్నా మెత్తటి బొగ్గుపొడిని వేలెడంత ఉక్కు గొట్టంలోకి, ఎక్కడా సందు లేకుండా కూరడం ఆమె పని. ఆ గొట్టానికి ఒక తీగ తగిలిస్తారు. తీగ రెండో కొస ఒక పెట్టెలోకి పోతుంది. పెట్టె మీద ఒక మీట ఉంటుంది. అందరూ గౌరవంగా సీ అబ్దెల్వహ్హాబ్ అని పిలిచే అక్కడి ఆచార్యుడు పరదేశంలో ఈ విద్య నేర్చుకొచ్చాడు. తిరిగొచ్చాక ఆయన కూరిన గొట్టాలన్నీ కారాయి, వసీలా కూరినవి కారలేదు. అప్పటినుంచీ ఆ పని ఆమెదే అయిపోయింది.

ఒకసారి ఆమె అరుగు మీద కూర్చుని బాదంకాయలు ఒలుస్తుంటే నేను పక్కన చేరి అడిగాను. ఆ గొట్టం చేసేదేమిటి అని.

"పాత ఊరి కోటగుమ్మం బాబ్ దివాన్ లోంచి ఓ కుటుంబాన్ని బజార్లోకి తోశావనుకో," అంది. "అందరూ ఒక్కసారే లోపలికెళ్లారు. అవతలి గుమ్మంలోంచి ఒక్కసారే వస్తారా? మొగుడు దేని దగ్గరా ఆగడు, ముందే బయటికొచ్చి సిగరెట్టు వెలిగిస్తాడు. పెళ్లాం బట్టల కొట్టు దగ్గర ఆగుతుంది. అత్తగారు కొట్టు కొట్టుకీ ఆగి కూచుని, కొట్టువాడి పెళ్లాం యోగక్షేమాలడిగి, అందరికన్నా ఆఖర్న వస్తుంది. నేను అవతలి గుమ్మం దగ్గర నిలబడి ఎవరెప్పుడొచ్చారో చూస్తానంతే. కలగాపులగంగా వెళ్లినవాళ్లు ఒక్కొక్కరుగా వస్తారు. ఒక్కొక్కరు వచ్చినప్పుడల్లా యంత్రం కాగితం మీద ఓ కొండ గీస్తుంది."

"మరి కరెంటెందుకు?"

"కొట్లలో దీపాలు పెట్టడానికి. బొగ్గులో కూడా కరెంటు పారుతుంది తెలుసా? మీట ఓ రవ్వ ఇటు తిప్పామా, దీపాలు వెలుగుతాయి, జనం ఇంకాసేపు ఆగుతారు. అటు తిప్పామా, కొట్టు కట్టేస్తున్నట్టు ఉంటుంది, త్వరగా కదులుతారు. గొట్టం మార్చక్కర్లేదు, బొగ్గు మార్చక్కర్లేదు. మీట చాలు."

ఆ మీటకి ఇంకో పని కూడా ఉంది. నూనెలు పారీ పారీ బొగ్గుకి జిడ్డు పడుతుంది. అప్పుడు మీటను ప్లస్ వైపు బాగా జరిపి కాసేపు వదిలేస్తే, ఆ జిడ్డు దానికదే కాలిపోతుంది. వాళ్లు దాన్ని కడుగుడు అంటారు. కడుగుడు అయ్యాక మీటను మళ్లీ తన చోటికి తెచ్చి, బొగ్గు కుదుటపడేదాకా ఆగాలి. ఆగకపోతే బొగ్గు ఇంకా కడుగుడులోనే ఉన్నట్టు ప్రవర్తిస్తుంది. ఎదురుగా ఏది వస్తే దాన్ని కాల్చేస్తుంది.

ఇదంతా చెప్పేటప్పుడు వసీలా గొంతు బాగానే ఉండేది. మేనమామ మాట వచ్చేసరికి బాదంకాయ చేతిలో ఆగిపోయేది. అసలు సంగతి ఒక్కసారిగా చెప్పలేదు. కొన్నేళ్లలో, ముక్కలు ముక్కలుగా చెప్పింది.

వాళ్ల తాతగారి ఆలివ్ తోట పంపకాలు లేకుండా ఉమ్మడిగానే ఉండిపోయింది. వసీలా మేనమామ సీ తీజానీ తోట పక్కనే గానుగ నడిపేవాడు. అక్కచెల్లెళ్ల కుటుంబాలన్నిటి కాయా అక్కడే ఆడేది. నూనె నేలతొట్టిలోకి దిగి తేరుకునేది. ఆ ఇంట్లో ఒక పట్టింపు ఉంది. ఆ ఏటి కొత్త నూనెను ఎవరూ ముందుగా నోట పెట్టరు. అందరూ గానుగ దగ్గర చేరిన రోజున తీజానీ తొట్టి మూత తీస్తాడు, రొట్టె ముక్క ముంచి పెద్దవాళ్ల దగ్గర్నుంచి పిల్లల దాకా చేతికిస్తాడు. కొత్త నూనె గొంతు పట్టుకుంటుంది. దగ్గనివాణ్ణి ఏడాదంతా ఏడిపించేవాళ్లు.

ఆ ఏడు రంజాన్ కోతల్లో పడింది. కాబట్టి తొట్టి తెరవడం పండగనాటికి పెట్టుకున్నారు.

వానల్లేని ఏడది. కాయ చెట్టు మీదే నల్లబడిపోయింది. నూనె పచ్చగా దిగాల్సింది పసుపుగా దిగింది. పైగా తీజానీ దగ్గర నిరుటి నూనె అమ్ముడుపోక పాత తొట్టిలో అలాగే ఉంది. ఈ రెండూ కలిపి చూసినవాడు లోత్ఫీ. వసీలాకి పిన్ని కొడుకు, తమ్ముడి వరస. ఒక మధ్యాహ్నం కొత్త తొట్టిలోంచి సీసాడు తీసుకుని, వార్తాపత్రికలో చుట్టి, మోపెడ్ మీద నేరుగా కాలేజీకి వచ్చాడు.

"వసీలక్కా, నీ బొగ్గుతో పని పడింది."

"దేవుడి దయ. మొన్నటిదాకా గ్లాసులు కడిగే వసీలానే కదురా నీకు?"

"ఎగతాళి తర్వాత చేద్దువుగానీ ముందు దీని రంగు చూడు. ఇది ఈ ఏటి నూనేనా?"

"కాయ ముదిరి దిగింది. రంగు అలాగే ఉంటుంది."

"మామయ్యా ఆ మాటే అన్నాడు. ఎందుకనడు? నిరుటిది కొత్తదాన్లో కలిపేసి, కొత్తది పక్కన పెట్టుకుంటే మనకెవరికి తెలుస్తుంది? నోట పెట్టి చూద్దామంటే ఉపవాసం. పొద్దు గుంకాక పెట్టి చెప్పానా, 'లోత్ఫీకి గిట్టదు, అందుకే అన్నాడు' అంటారు. పైగా సిగరెట్ల నోరు నాది. నీ యంత్రానికి సిగరెట్లూ లేవు, మేనమామా లేడు."

వసీలా నవ్వింది. ఆ నవ్వులో కాస్త గర్వం కూడా ఉందని తర్వాత తనే చెప్పింది. అన్నేళ్ల ఉద్యోగంలో ఇంటివాళ్లెవరూ ఆ గది గడప తొక్కలేదు. పెళ్లిళ్లలో "మా వసీలా కాలేజీలో ఏదో చేస్తుంది" అనేవాళ్లు. ఇప్పుడు ఒక తగువు తీర్చడానికి వాళ్లకి ఆమె బొగ్గు కావాల్సొచ్చింది.

ఆచార్యుడు ట్యూనిస్ వెళ్లాడు. గది ఆమెదే. పొద్దున వేరే పని చేసిన గొట్టం అప్పుడు కడుగుడులో ఉంది. ఆమె నూనెలోని చేదును నీళ్లూ స్పిరిట్టూ కలిపిన ద్రవంలోకి దింపుతూ కూర్చుంది. కొత్త నూనె గొంతు పట్టుకునేది ఆ చేదు వల్లే. ఏళ్లు గడిచేకొద్దీ తగ్గిపోయేదీ అదే. లోత్ఫీ గుమ్మానికి ఆనుకుని కిటికీలోంచి ఎండ ఎంత వాలిందో చూస్తున్నాడు.

"అక్కా, తొందరగా తేల్చు. మా ఆవిడ కాచిన శోర్బా చారు చల్లారిందా, నన్ను గుమ్మంలోనే నిలబెడుతుంది."

"ఉండరా బాబూ."

మామూలుగా అయితే తెలిసిన చేదును ముందు పంపాలి. దాని కొండ సరిగ్గా వచ్చాకే తెలియనిదాన్ని పంపాలి. పొద్దున పంపాను కదా అనుకుంది. ద్రవాన్ని సూదిలోకి లాగి గొట్టంలోకి పంపింది. యంత్రం కలం కాగితం మీద నడుస్తూ పోయింది. చేదు రావాల్సిన చోటు వచ్చింది. కలం లేవలేదు. ఆ చోటూ దాటిపోయింది.

"ఏమిటక్కా?"

"లేదు."

"ఏమిటి లేదు?"

"కొత్తదనం. అసలు లేదు."

నిరుటి నూనెలో కూడా కాస్తో కూస్తో చేదు మిగులుతుంది. బొత్తిగా ఏమీ లేకపోవడమంటే ఏ ఆలివ్ నూనెకీ కుదరని పని. ఆ సంగతి వసీలాకి బాగా తెలుసు. ఆ సాయంత్రం మాత్రం గుర్తు రాలేదు. గుర్తు వచ్చిందల్లా లోత్ఫీ ముఖంలో కనిపించిన మర్యాదే.

ఆ శుక్రవారం నమాజయ్యాక ఆ కుటుంబాలవాళ్లంతా గానుగ దగ్గర చేరారు. "కోటు వేసుకురా అక్కా, మాటకి బరువుంటుంది" అన్నాడు లోత్ఫీ. ఆమె రసాయనశాల తెల్లకోటు వేసుకుని వెళ్లింది. మిగతా ఏది చెప్పినా చెప్పేది గానీ, ఈ కోటు సంగతి మాత్రం చాలా ఆలస్యంగా, తల దించుకుని చెప్పింది.

తీజానీ బోర్లించిన పెట్టె మీద కూర్చుని గానుగలో కాయ ముద్ద పరిచే చాపల నార చిక్కు తీస్తున్నాడు. ఎర్రటోపీ వెనక్కి జారి ఉంది. ఆమెను చూడగానే ఆయన ముఖం విప్పారింది.

"ఏమిటే పిల్లా, ఆస్పత్రి నుంచి వచ్చావా? నాడి చూడు చూడు, ఉపవాసంలో ఉన్నానో లేదో తేలిపోతుంది!"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

"నూనె నాడి చూశాను మామయ్యా," అంది వసీలా. "దాన్లో కొత్త నూనె ప్రాణం లేదు. ఇది ఈ ఏటిది కాదు."

నవ్వులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ముసలాయన నార కింద పెట్టాడు. ఆమె ముఖంకేసి చూసి, తర్వాత కోటు చేతులకేసి చూశాడు.

"ఎవరు చూశారు?"

"నేనే చూశాను."

"నువ్వేనా?"

"నేనే."

మేనకోడలు కాక మరెవరు చెప్పినా దెబ్బలాడేవాడే. లేచి తొట్టి మూత మీద గొలుసు వేసి తాళం పెట్టాడు.

"నాలుక మీద పెట్టి తేల్చుకుందామంటే అందరం ఉపవాసం. ఉపవాసం ఉన్న నోళ్లతోనే ఈ మాట అనగలిగారు, సరే. పండగనాడు ఎప్పటిలాగే తెరుస్తాను. రాదల్చుకున్నవాళ్లు కూజాలు తెచ్చుకోండి. అప్పటిదాకా దీన్ని మీరు ముట్టరు, నేనూ ముట్టను."

మర్నాటికే మిగిలిన కాయ బస్తాలు వేరే గానుగలకి వెళ్లిపోయాయి. తీజానీ గానుగ ఆగిపోయింది. సరిగ్గా కోతల మధ్యలో ఆగిపోయింది కాబట్టి, ఎందుకని అడగనివాడు లేడు. చెప్పనివాడూ లేడు. బజార్లో ఆయన వెనకాల "పాత సీసాకి కొత్త బిరడా" అన్నారు. కాఫీ కొట్టు బల్లల మీదకి వెళ్లింది మాట, మసీదు మెట్ల మీదకీ వెళ్లింది.

ఆచార్యుడు తిరిగొచ్చిన వారంలో వసీలా మళ్లీ గొట్టం దగ్గర కూర్చుంది. ఈసారి నియమం ప్రకారం ముందు తెలిసిన చేదును పంపింది. కలం లేవలేదు. గొట్టం చెడిపోయిందేమో అనుకుని లేచి, పెట్టె దగ్గరికి వెళ్లింది. మీట కడుగుడు చోటే ఉంది. ఆ సాయంత్రం తను వదిలేసిన చోటే.

కడుగుడు పెట్టిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. కోసిన ఆపిల్ ముక్క గాలికి నల్లబడ్డట్టు, మామయ్య నూనెలోని చేదంతా ఆమె బొగ్గు మీదే కాలిపోయింది. యంత్రం దాకా చేరిందేమీ లేదు.

మీటను దాని చోటికి తెచ్చి, బొగ్గు కుదుటపడేదాకా గోడకేసి చూస్తూ కూర్చుంది. శీతలపెట్టెలో మిగిలిన లోత్ఫీ సీసా తీసి, చేదు దింపి, పంపింది. కలం లేచింది. లేచిన కలం కాగితం అంచుకి తగిలి ఇక పైకి పోలేక ఆగింది. ఆమె తన జీవితంలో అంత పెద్ద చేదు కొండ చూడలేదు.

వెనక నుంచి ఆచార్యుడి గొంతు వినిపించింది, ఎప్పటిలాగే మర్యాదగా లెల్లా అంటూ. "ఏం లెల్లా వసీలా, ముఖం రంగు పోయిందేం?"

"ఉపవాసం, సీ అబ్దెల్వహ్హాబ్."

"ఇంటికి వెళ్లండి. ఇవాళ్టికి చాలు."

వెళ్లింది. సీసాను చేతిసంచిలో అడుగున పెట్టుకుని వెళ్లింది. అటునుంచి అటే మామయ్య ఇంటికి వెళ్లి ఉంటే ఇంత చెప్పుకోవాల్సిందే ఉండేది కాదు. ఆ దారిలోనే ఉంది ఆయన ఇల్లు. మలుపు దాకా వెళ్లింది. ఇఫ్తార్ వేళ అయింది, భోజనాల దగ్గర చెప్పే మాటా ఇది, రేపు చెప్తాను అనుకుంది. రేపటికి ఇంకో సాకు దొరికింది. చెడ్డపని చేసినవాడికి సాకులు వెతుక్కోనక్కర్లేదు, అవే వచ్చి గుమ్మంలో కూచుంటాయి అనేది.

ఆ సాయంత్రం పొద్దు గుంకిన గుర్తుగా ఫిరంగి పేలగానే ఖర్జూరం నోట్లో వేసుకుని, ఆ సీసాలోంచి రెండు చుక్కలు రొట్టె మీద వేసుకుంది. గొంతు భగ్గుమంది. దగ్గు ఆగలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆమె తల్లి బయ్యా, తీజానీకి చెల్లెలు. చూపు సరిగా ఆనదు. చెవులు మాత్రం పిల్లి చెవులు.

"ఎక్కడిదే ఆ నూనె?"

"కొట్టుది అమ్మా."

"కొట్టు నూనెకే అంత దగ్గొచ్చిందా? ఓరి దేవుడా! మా అన్నకి చెప్పాలి, ఇకనుంచి కొట్టు నుంచే కొనుక్కోమని." ముసలామె నవ్వబోయి, మానేసి, చెంచా పళ్లెంలో పెట్టింది. "వాడు అలాంటి పని చేశాడంటే నా నోటికి అన్నం ఎక్కట్లేదు వసీలా. నువ్వు చెప్పావు కాబట్టి నమ్మాను."

వసీలా నీళ్లు తాగింది. సీసా తీసి అలమరలో వెనక్కి పెట్టింది.

రంజాన్ ఇరవయ్యేడో రోజు, పెద్ద రాత్రి అని అందరూ కలిసే సాయంత్రం, ఇఫ్తారుకి అన్న ఇంటికి తీసుకెళ్లమని బయ్యా పట్టుబట్టింది. ఎంత తప్పు చేసినా ఆ రోజున అన్నతో కలిసి ఉపవాసం విడవకపోతే ఎలా అంది. వెళ్లారు. దారిలో ఇళ్లన్నిటి నుంచీ ఉల్లిపాయ, ఎండుద్రాక్ష ఉడుకుతున్న వాసన వస్తోంది. పండగనాడు ఉప్పుచేపతో తినే షర్మూలాకి అందరూ అప్పుడే పొయ్యి ఎక్కించారు. తీజానీ ఇంట్లో మాత్రం ఆ వాసన లేదు.

ఆయన బాగా చిక్కిపోయాడు. మేనకోడలికి శోర్బా గిన్నె తనే అందించాడు. పెద్దవాళ్లు తమలో తాము మాట్లాడుకుంటుంటే గొంతు తగ్గించి ఆమెతో అన్నాడు:

"నీతో ఒకటి చెప్పాలి, బిడ్డా. కోపంలో ఆ రోజు తాళం పెట్టాను గానీ... నాకే అనుమానంగా ఉంది. పాత తొట్టి గొట్టానికి, కొత్త తొట్టి గొట్టానికి మధ్య ఓ చిన్న బిరడా ఉంటుంది. నేనే తీసి మళ్లీ పెట్టడం మరిచానేమో. వయసైపోయింది. కావాలని చెయ్యలేదు, ఆ సంగతి దేవుడికి తెలుసు. కానీ చేశానేమో. నీ యంత్రం ఊరికే ఎందుకంటుంది?"

వసీలా గిన్నె పట్టుకుని ఉంది. చెప్పాల్సిన మాట నాలుక చివరే ఉంది. బిరడా కాదు మామయ్యా, మీట. నువ్వు కాదు, నేను. అంతే మాట.

"శోర్బా చల్లారిపోతోంది మామయ్యా, తాగండి," అంది.

తనూ తాగింది. గిన్నె ఖాళీ చేసింది.

పండగ వచ్చింది. వీధుల్లో ఉప్పుచేప వాసన, కొత్తబట్టల గరగర. కనబడిన ప్రతివాడూ ప్రతివాడి భుజం ముద్దు పెట్టుకుని "మన్నించు" అంటాడు, అవతలివాడు "దేవుడు మనందర్నీ మన్నించుగాక" అంటాడు. పాలవాడితో అంటారు, ఏడాదంతా పలకరించని పక్కింటివాడితోనూ అంటారు. గింజలు నమిలి తొక్క ఊసినంత తేలిగ్గా అంటారు. వసీలా పొద్దున్నే మామయ్య ఇంటికి వెళ్లి, గుమ్మంలోనే ఆయన భుజం మీద ముద్దు పెట్టి, "మన్నించు మామయ్యా" అంది. "దేవుడు మనందర్నీ మన్నించుగాక, బిడ్డా," అన్నాడాయన, అందరితో అన్నట్టే. వెనక ఇంకొకరు వచ్చారు, ఆమె పక్కకి జరిగింది.

ఒళ్లంతా తేలికైపోయింది ఆమెకి. చెప్పేశాను, ఆయన మన్నించేశాడు, అయిపోయింది. వీధి చివరిదాకా ఆ తేలికతోనే నడిచింది. అక్కడ మిఠాయి కొట్టు ముందు నిలబడిపోయింది. చేసిన పనులన్నిట్లోకీ ఇప్పుడు చేసిందే నీచమైనదని అప్పుడు తెలిసింది. ఆయన దేన్ని మన్నించాడో ఆయనకే తెలియదు.

గానుగ దగ్గరికి కూజాలతో వచ్చినవాళ్లు కొద్దిమందే. రాకపోతే బాగుండదని వచ్చినవాళ్లు వాళ్లు. లోత్ఫీ కూజా తేలేదు, చూడ్డానికి వచ్చాడు. తీజానీ గొలుసు తీస్తున్నాడు. వసీలా ముందుకొచ్చింది. ఒంటి మీద కోటు లేదు, పండగ గౌను ఉంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"మూత తీసేముందు నేనో మాట చెప్పాలి," అంది. "ఈ నూనె కొత్తదే. అప్పుడూ కొత్తదే. దీన్లో చేదు లేదన్నాను, ఉంది. దాన్ని నేనే కాల్చేశాను."

"కాల్చావా? ఎక్కడ కాల్చావు?" అన్నాడు లోత్ఫీ.

"బొగ్గు మీద. మీట తప్పు చోట ఉండిపోయింది. అలా ఉంటే, పోసిన చేదుని బొగ్గే తినేస్తుంది."

"అంటే బొగ్గు ఉపవాసంలో లేదన్నమాట!" అని ఎవరో అన్నారు. ఒకరిద్దరు నవ్వారు.

ఒక పెద్దాయన చెయ్యి ఊపాడు. "యంత్రం తప్పేలే అమ్మా. పోనీ. యంత్రాలు మనిషి పుట్టించినవే కదా, తప్పు చెయ్యవూ?"

ఆ మాట పట్టుకుని ఇంటికి వెళ్లిపోవచ్చు. అందరూ అప్పటికే వదిలేశారు కూడా.

"యంత్రం తప్పు చెయ్యలేదు," అంది వసీలా. "దానికి ఏది చెప్తే అది చేసింది. మీట తిప్పడం మరిచింది నేను. ముందు పంపాల్సింది పంపకుండా తొందరపడింది నేను. ఇంట్లో మామయ్యకి చెప్పాల్సిన మాట కోటేసుకొచ్చి ఇక్కడ నిలబడి చెప్పింది నేను. తప్పని తెలిశాక కూడా నోరెత్తలేదు."

తీజానీ గొలుసు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"ఎప్పుడు తెలిసింది?"

ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంది.

"ఇరవయ్యేడో రోజుకి ముందేనా?"

"ముందే మామయ్యా."

"బిరడా సంగతి నేను చెప్పినప్పుడు నీకు తెలుసు."

"తెలుసు."

"నా శోర్బా తాగావు."

"తాగాను."

ఆయన గొలుసు పక్కన పెట్టాడు. వంగి మూత తీశాడు. గరిటెతో తీసి, రొట్టె ముక్క ముంచి, అందరికన్నా ముందు లోత్ఫీ చేతిలో పెట్టాడు. లోత్ఫీ నోట పెట్టుకున్నాడు. మొహం ఎర్రబడింది. దగ్గు తెరలు తెరలుగా వచ్చింది, గోడ పట్టుకుని వంగిపోయాడు. అప్పుడు నవ్వారు అందరూ. నవ్వితే నవ్వారుగానీ ఒక్కొక్కరే వచ్చి ముసలాయన భుజం మీద ముద్దు పెట్టుకున్నారు. ఈసారి "మన్నించు" అన్న మాట మెల్లగా వచ్చింది వాళ్ల నోట. కూజాలు తేనివాళ్లు కూజాల కోసం పరిగెత్తారు. మధ్యాహ్నానికల్లా సంగతి కాఫీ కొట్టు దాకా చేరింది, మసీదు మెట్ల దాకా కూడా.

వసీలా కూజా ఆఖర్న నిండింది. తీజానీ దాన్ని అంచుదాకా నింపాడు, ఇంకో చుక్కకి చోటు లేకుండా నింపి చేతికిచ్చాడు. తొణకకుండా దాన్ని మోయడం ఎవరివల్లా కాదు. ఇల్లు చేరేసరికి ఆమె పండగ గౌను ముందుభాగమంతా నూనె. ఆ మరక ఇప్పటికీ ఉంది, నేను చూశాను.

తీజానీ పేరు తిరిగొచ్చింది. మరుసటి ఏడు కాయ బస్తాలు మునుపటికన్నా ఎక్కువే వచ్చాయి. కానీ గానుగ ఆడించింది లోత్ఫీ. ముసలాయన బోర్లించిన పెట్టె మీద కూచుని చూస్తుండేవాడు. రెండు తొట్ల మధ్య బిరడా వేసి ఉందో లేదో వచ్చినవాణ్ణల్లా చూసిరమ్మనేవాడు. లోత్ఫీ చూసొచ్చి ఉందని చెప్పినా, కాసేపయ్యాక ఇంకొకణ్ణి పంపేవాడు. ఆయనకి తన చేతుల మీద ఒకసారి అనుమానం పుట్టింది. వసీలా ఎంత చెప్పినా అది పోలేదు. "ఊరంతా ఆయన్ని నమ్మింది, ఆయన ఒక్కడే నమ్మట్లేదు," అంది నాతో. "అది నేను చేసిన పని. దాన్ని కాల్చడానికి ఏ మీటా లేదు."

ఆ ఏడే తొలి నూనె సీసా పట్టుకుని ఆయన కాలేజీకి వచ్చాడట. సీసాతోపాటు జేబులో రుమాల్లో చుట్టిన రొట్టె ముక్క ఉంది. ఆ గదంతా చూసి, గొట్టం చూసి, "ఇంతేనా ఇది?" అన్నాడట. రొట్టె బల్ల మీద పెట్టి, "ముందు ఇది. తర్వాత నీ బొగ్గు," అన్నాడట. ఇప్పుడు ఎవరి నూనె వచ్చినా వసీలా ముందు రొట్టె ముంచుతుంది, తర్వాత తెలిసిన చేదును పంపుతుంది, ఆ తర్వాతే మిగతాది. రంజాన్ నెలలో అయితే నూనెను పొద్దు గుంకేదాకా ముట్టుకోదు.

పండగనాడు మా వీధిలో అందరూ ఎప్పటిలాగే భుజాలు ముద్దు పెట్టుకుని, మన్నించు మన్నించు అంటూ సాగిపోతుంటారు. వసీలా ఎదురైతే మాత్రం చెయ్యి వదలదు. దేనికి మన్నించమనాలో కాసేపు ఆలోచిస్తుంది. వెనకాల జనం ఆగిపోతారు.

పోయిన పండక్కి నా చెయ్యి పట్టుకుని నిలబడింది. "మొన్న మీ పెద్దాడు పరీక్ష తప్పాడని బేకరీలో విని, ఓ క్షణం నవ్వుకున్నాను," అంది. "దానికి."

వెనకనుంచి ఎవరో అరిచారు, "ముగించు లెల్లా వసీలా, చేప చల్లారిపోతోంది!"

ఆమె నా జవాబు కోసం చూస్తోంది.